ఎలీట్‌లో పోరాటం నేర్చుకోవడం ఎలా: బీబీసీ మైక్రో పైలట్‌కు మొదటి పాఠాలు

1984 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో ఏకార్న్‌సాఫ్ట్ సంస్థ బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం ‘ఎలీట్’ అనే అంతరిక్ష ఆటను విడుదల చేసింది. దాన్ని రాసింది డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ కుర్రాళ్లు. ఆ యంత్రంలో మెమరీ మొత్తం 32 కేబీ, 6502 ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్. అంతలోనే ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్ర మండలాలు, గీతలతో గీసిన త్రీడీ నౌకలు, వాటితో కళ్లు తిప్పుకోనివ్వని పోరాటం. నాలుగేళ్ల ముందు అటారీ వాళ్ల ‘బ్యాటిల్‌జోన్’ ఆర్కేడ్ యంత్రంలో యుద్ధ ట్యాంకు నేల మీదే తిరిగేది. ఇక్కడ నేల లేదు. శత్రువు పైనుంచీ వస్తాడు, కిందనుంచీ వస్తాడు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లలో చాలామంది తొలి గంటలోనే వదిలేస్తారు. స్టేషన్‌లోకి దిగబోయి గోడకు కొట్టుకుంటారు, లేదా మొదటి దొంగల గుంపు చేతిలో పేలిపోతారు. ఈ రెండింటికీ కారణం ఒక్కటే అని నా గట్టి నమ్మకం. చేయి ఇంకా కారు నడిపే చేయిలాగే ఆలోచిస్తుంటుంది. ఈ నౌకకు ఎడమకు తిరగడం, కుడికి తిరగడం అనేవే లేవు. పక్కకు దొర్లడం, ముక్కు ఎత్తడం లేదా దించడం, ఇంతే. ‘ముందు దొర్లు, తర్వాత ముక్కు ఎత్తు’ అన్న వరుస వేళ్లకు ఎక్కిందంటే డాకింగ్, అంటే స్టేషన్‌లోకి దిగడం వస్తుంది, గురి కూడా వస్తుంది. కింద చెప్పేదంతా ఆ అలవాటు చేయించడానికే.

ఆటను నడిపించడం

అసలు బీబీసీ మైక్రో మీ దగ్గర ఉంటే సంతోషం. లేకపోతే ఎమ్యులేటర్ చాలు, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్. బ్రౌజర్‌లోనే నడిచే జేఎస్‌బీబ్ అన్నిటికన్నా సులువు, దేన్నీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. కంప్యూటర్‌లో పెట్టుకోవాలనుకుంటే బీబ్‌ఎమ్ ఉంది. ఆట డిస్క్ ఇమేజ్‌లను ఇయాన్ బెల్ తన సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాడు, అక్కడినుంచే తీసుకోండి.

క్యాసెట్ వెర్షన్, డిస్క్ వెర్షన్ అని రెండు కనిపిస్తాయి. డిస్క్ వెర్షనే తీసుకోండి. అందులో నౌకల రకాలు ఎక్కువ, ప్రత్యేక మిషన్లు ఉన్నాయి, మైనింగ్ లేజర్, మిలిటరీ లేజర్ ఉన్నాయి. డిస్క్‌ను ఎమ్యులేటర్‌లోకి ఎక్కించాక షిఫ్ట్ పట్టుకుని బ్రేక్ కీ నొక్కితే ఆట మొదలవుతుంది. మన కీబోర్డ్‌ల మీద బ్రేక్ కీ పనిని సాధారణంగా ఎఫ్12 చేస్తుంది. బీబీసీ మైక్రోకు ఎఫ్0 నుంచి ఎఫ్9 దాకా కీలుండేవి. మనకు ఎఫ్0 లేదు కాబట్టి ఎమ్యులేటర్ దాన్ని ఏ కీకి తగిలించిందో సహాయం పేజీలో ముందే చూసుకోండి, చాలాచోట్ల అది ఎఫ్10.

ఎమ్యులేటర్ వేగాన్ని అసలు యంత్రం వేగం దగ్గరే ఉంచండి, పెంచొద్దు. ఈ ఆట గడియారం చూసుకుని నడవదు. ప్రాసెసర్ ఎంత వేగంగా పని ముగిస్తే అంత వేగంగా తర్వాతి బొమ్మ గీస్తుంది. వేగం పెంచితే శత్రువుల వేగమూ ఆ లెక్కనే పెరుగుతుంది, గురి కుదరదు.

పాత కమాండర్‌ను ఎక్కించాలా అని అడుగుతుంది. ఎన్ నొక్కండి, తర్వాత స్పేస్ బార్. మీ పేరు ఇక కమాండర్ జేమ్సన్. మీరు లేవ్ అనే గ్రహం దగ్గరి స్టేషన్‌లో ఉన్నారు. చేతిలో 100 క్రెడిట్లు, కోబ్రా మార్క్ 3 నౌక, ముందువైపు ఒక పల్స్ లేజర్, మూడు మిసైళ్లు, ఏడు కాంతి సంవత్సరాలకు సరిపడా ఇంధనం, 20 టన్నుల సరుకు పట్టే చోటు. హోదా ‘హార్మ్‌లెస్’, అంటే మీవల్ల ఎవరికీ ఏ హానీ లేదని.

కీలు: ముందు ఏడు చాలు

ఆట మాన్యువల్‌లో కీల పట్టిక పొడవుగా ఉంటుంది. దాన్ని చూసి బెదరకండి. మొదటి రోజుకు ఇవి చాలు. కామా కీ నౌకను ఎడమకు దొర్లిస్తుంది, పక్కనున్న చుక్క కీ కుడికి దొర్లిస్తుంది. ఎక్స్ ముక్కును పైకెత్తుతుంది, ఎస్ కిందికి దించుతుంది. స్పేస్ బార్ వేగం పెంచుతుంది, స్లాష్ కీ తగ్గిస్తుంది. ‘ఏ’ (A) కీ నొక్కితే లేజర్ పేలుతుంది.

ఎడమ చేతి వేళ్లు ఎస్, ఎక్స్, ఏ మీద ఉంచండి. కుడి చేతి వేళ్లు కామా, చుక్క, స్లాష్ మీద. స్పేస్ బార్‌కు బొటనవేలు. చేతులు ఇలా కుదిరాక కీబోర్డ్ వైపు చూడటం మానేయండి, అది చాలా ముఖ్యం. జాయ్‌స్టిక్ ఉన్నవాళ్లు వాడుకోవచ్చు గానీ నా ఓటు కీబోర్డ్‌కే. చిన్న చిన్న సవరింపులకు అదే నమ్మకంగా ఉంటుంది.

కీని పట్టుకుని వదలకుండా ఉంటే దొర్లే వేగం పెరుగుతూ పోతుంది, వదిలేస్తే ఆటే నెమ్మదిగా దాన్ని సున్నాకు తెస్తుంది. అందుకే తబలా మీద వేలు తట్టినట్టు చిన్న చిన్న దెబ్బలుగా కొట్టాలి. పెద్ద మలుపులకు మాత్రమే పట్టుకోండి.

మధ్యలో ఆపుకోవాలంటే బీబీసీ కీబోర్డ్ మీది కాపీ కీ, మళ్లీ కదిలించాలంటే డిలీట్. ఎమ్యులేటర్‌లో కాపీ కీ ఎక్కడుందో కూడా ముందే చూసి పెట్టుకోండి. ఫోన్ మోగినప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటే నౌక దక్కదు.

బయటికి వెళ్లి, ఏమీ చేయకండి

ఎఫ్0 నొక్కితే నౌక స్టేషన్ నుంచి బయటపడుతుంది. ఎదురుగా గుండ్రంగా కనిపించేది లేవ్ గ్రహం. స్టేషన్ మీ వెనుక ఉంది. ఎఫ్1 నొక్కితే వెనుక కిటికీ, ఎఫ్2 ఎడమ, ఎఫ్3 కుడి, మళ్లీ ఎఫ్0 ముందు. ఇక్కడ దొంగల బెడద దాదాపు ఉండదు. డ్యాష్‌బోర్డ్ మీద ఎస్ అనే అక్షరం వెలుగుతోందంటే స్టేషన్ రక్షణ పరిధిలో ఉన్నట్టు.

వేగం బాగా తగ్గించి ఈ కసరత్తు చేయండి. గ్రహాన్ని తెర మధ్యలోని గురి గుర్తుకు కుడివైపు పక్కకు తప్పించండి. ఇప్పుడు దాన్ని మధ్యకు తీసుకురావాలి. కుడికి తిరిగే కీ లేదు. కుడికి దొర్లండి. గ్రహం తెర మీద మెల్లగా జరిగి గురి గుర్తుకు సరిగ్గా పైకి వస్తుంది. అక్కడ దొర్లడం ఆపి ఎక్స్ నొక్కండి. గ్రహం దిగివచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఎడమవైపు ఉన్నప్పుడు ఎడమకు దొర్లండి, మిగిలింది అంతే. గ్రహం కింద మూలలో ఉంటే దాన్ని పైకి తెచ్చే కష్టమెందుకు, నేరుగా కిందికి తెచ్చి ఎస్ కొట్టండి.

ఇది విసుగనిపించే పనే. అయినా వేళ్లు ఆలోచించడం మానేసేదాకా చేయండి. గ్రహం మీ మీద కాల్పులు జరపదు. రేపు ఆ స్థానంలో ఉండబోయే క్రైట్ నౌక జరుపుతుంది.

స్కానర్ చదవడం

కింద మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఉన్నది స్కానర్. త్రీడీ లోకాన్ని చదునైన తెర మీద ఇంత శుభ్రంగా చూపించిన పరికరం ఆ రోజుల్లో ఇంకోటి నేను చూడలేదు. మధ్యలో మీరు. గుడ్డు పైభాగంలో కనిపించేది మీ ముందుంది, కిందిభాగంలో కనిపించేది మీ వెనుక ఉంది. ప్రతి నౌకకూ ఒక చిన్న నిలువు పుల్ల, దాని చివర ఒక చుక్క. పుల్ల పైకి లేస్తే ఆ నౌక మీకంటే ఎత్తులో ఉంది, కిందికి వేలాడితే పల్లంలో ఉంది. పుల్ల ఎంత పొడవుంటే అంత తేడా.

కొత్తవాళ్లు పెద్ద తెర వైపే చూస్తూ ఉంటారు. పోరాటంలో సగం సమయం మీ కళ్లు స్కానర్ మీదే ఉండాలి. శత్రువు తెరలోంచి మాయమైన క్షణంలో ఎటు దొర్లాలో చెప్పేది అదొక్కటే. పుల్ల లేని చుక్క నేరుగా మీ ముందు ఉందంటే ఆ నౌక గురి గుర్తు దగ్గరే ఉన్నట్టు, కనబడకపోయినా సరే. దూరంలో ఉన్న నౌకను ఆట పూర్తిగా గీయదు, తెర మీద ఒక చుక్కలాగే చూపిస్తుంది.

స్కానర్ పక్కన చిన్న దిక్సూచి కూడా ఉంది. అందులో చుక్క పసుపు రంగులో ఉంటే గమ్యం ముందుంది, ఆకుపచ్చగా ఉంటే వెనుక ఉంది. మామూలుగా అది గ్రహాన్ని చూపిస్తుంది. స్టేషన్ పరిధిలోకి రాగానే స్టేషన్‌ను చూపించడం మొదలుపెడుతుంది.

డాకింగ్: దీన్ని దాటవేయొద్దు

డాకింగ్ కంప్యూటర్ ఖరీదు 1500 క్రెడిట్లు, మీ దగ్గర ఉన్నవి వంద. కాబట్టి చేత్తోనే దిగాలి. డబ్బు ఉన్నా సరే, చేత్తో దిగడం వచ్చాకే అది కొనమంటాను. డాకింగ్ నేర్పే నిదానమే పోరాటంలో ప్రాణం కాపాడుతుంది.

స్టేషన్ తన చుట్టూ తాను తిరుగుతుంటుంది. దాని ఒక ముఖం మీద సన్నని పొడవాటి ద్వారం. ఆ ముఖం ఎప్పుడూ గ్రహం వైపే ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ద్వారాన్ని వెతుక్కునే పనే లేదు. గ్రహానికీ స్టేషన్‌కూ మధ్యలోకి వెళ్లి, వెనక్కి తిరిగి స్టేషన్ వైపు చూస్తే ద్వారం కనిపిస్తుంది.

అందుకే మొదటి సాధన ఇలా చేయండి. స్టేషన్ నుంచి బయటికి రండి. గ్రహం ఎదురుగా ఉంది కాబట్టి మీరు ఇప్పటికే సరైన గీత మీద ఉన్నారు. కాసేపు నేరుగా ముందుకెళ్లి దూరం పెంచుకోండి. తర్వాత వేగం తగ్గించి, దొర్లకుండా ఎక్స్ పట్టుకుని, స్టేషన్ గురి గుర్తు మీదికి వచ్చేదాకా తిరగండి. ద్వారం మీ ముందుంటుంది.

ఇప్పుడు మెల్లగా దగ్గరికి వెళ్లండి. ద్వారం మధ్యభాగం గురి గుర్తు మీద నిలిచి ఉందా అన్నది మాత్రమే చూసుకోండి, తిరుగుడు సంగతి తర్వాత. అది పక్కకు జరుగుతోందంటే మీరు గీత మీద లేరన్నమాట. దగ్గరికొచ్చాక సరిచేయబోతే ఆలస్యమవుతుంది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు. గీత కుదిరాక, చివరి ఘట్టంలో, స్టేషన్ తిరిగే దిక్కుకే మీరూ దొర్లుతూ ద్వారం తెరకు అడ్డంగా ఉండేలా పట్టుకోండి.

ఆట లోపలి లెక్క తెలిస్తే భయం తగ్గుతుంది. మీరు దొర్లే వేగం స్టేషన్ వేగంతో కలిసిందా అని ఆట చూడదు. తాకిన ఆ క్షణంలో మీ ముక్కు ద్వారానికి ఎదురుగా ఉందా, ద్వారం మీకు అడ్డంగా ఉందా, ఇవే చూస్తుంది. రెండింటికీ కాస్త వెసులుబాటు కూడా ఇస్తుంది. అంటే తిరుగుడును ఆసాంతం వెంబడించకపోయినా, ద్వారం అడ్డంగా వచ్చే సమయానికి లోపలికి చేరేలా వేగం సర్దుకుంటే దిగిపోవచ్చు.

ఒక హెచ్చరిక. స్టేషన్ మీద పొరపాటున కూడా లేజర్ పేల్చొద్దు. వెంటనే వైపర్ అనే పోలీసు నౌకలు బయటికి వస్తాయి, మీకు ద్వారం మూసుకుపోతుంది.

దిగిన ప్రతిసారీ ఎట్ గుర్తు కీ నొక్కి కమాండర్‌ను భద్రపరుచుకోండి. ఆకాశంలో ఉండగా సేవ్ చేసే వీల్లేదు.

కొంచెం వ్యాపారం

పోరాటానికి సామగ్రి కావాలి, సామగ్రికి డబ్బు కావాలి. సూత్రం చిన్నదే. వ్యవసాయ గ్రహంలో తిండి, బట్టలు చవక. పారిశ్రామిక గ్రహంలో కంప్యూటర్లు, యంత్రాలు చవక. లేవ్ వ్యవసాయ గ్రహం, ఒక గెంతు (ఒక నక్షత్ర మండలం నుంచి ఇంకోదానికి దూకడం) దూరంలోనే ఉన్న లీస్టి పారిశ్రామిక గ్రహం. లేవ్‌లో తిండి కొని లీస్టిలో అమ్మండి, చేతిలో డబ్బు పెరిగాక తిరుగు ప్రయాణంలో కంప్యూటర్లు తెండి. స్టేషన్‌లో ఉండగా ఎఫ్1తో కొనడం, ఎఫ్2తో అమ్మడం, ఎఫ్5తో దగ్గరి పటం. పటం మీద బాణం కీలతో గుర్తును గ్రహం మీద పెట్టి, బయటికొచ్చాక హెచ్ నొక్కితే గెంతు.

వెళ్లే ముందు ఎఫ్6 నొక్కి ఆ గ్రహం ప్రభుత్వం ఏమిటో చదవండి. కార్పొరేట్ రాజ్యం, ప్రజాస్వామ్యం అని ఉంటే దారి చాలావరకు ప్రశాంతం. అరాచకం, భూస్వామ్యం అని ఉంటే దొంగలు దండిగా ఉంటారు. లీస్టి కార్పొరేట్ రాజ్యం, అందుకే మొదటి ప్రయాణానికి దాన్నే చెప్పాను. దగ్గర్లోనే రీడ్‌క్వాట్ కూడా ఉంది, అది అరాచకం. ఇప్పుడే అటు వెళ్లకండి.

మొదటి పోరాటం

గెంతు ముగిసేసరికి గ్రహం చాలా దూరంలో ఉంటుంది. జె నొక్కితే ఒక్కసారిగా ముందుకు దూకుతారు. చుట్టుపక్కల ఇంకో నౌక ఉంటే జె పనిచేయదు. జె పనిచేయలేదంటే స్కానర్ చూడండి, ఎవరో వచ్చారు.

మొదట చేయాల్సింది వేగం తగ్గించడం. సగానికో, అంతకన్నా తక్కువకో. పారిపోవాలన్న కోరిక, మీదికి దూసుకెళ్లాలన్న కోరిక రెండూ ఒకేసారి పుడతాయి, రెండూ చేటే. పూర్తి వేగంతో వెళ్తే శత్రువును గురి గుర్తు మీదికి తెచ్చేలోపే అతన్ని దాటిపోతారు. అప్పుడు అతను మీ వీపు వెనుక ఉంటాడు. నెమ్మదిగా ఉంటే అతనే మీ దగ్గరికి వస్తాడు, మీ పని ముక్కు తిప్పడం మాత్రమే.

స్కానర్‌లో చుక్క ఎటుందో చూసి, దాన్ని నిలువు గీత మీదికి తెచ్చేలా దొర్లండి. గ్రహంతో చేసిన కసరత్తే. తర్వాత ముక్కు ఎత్తండి లేదా దించండి. గురి గుర్తు దగ్గరికి రాగానే పెద్ద కదలికలు ఆపేసి చిన్న దెబ్బలకు మారండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. శత్రువును వెంటాడుతూ గురి గుర్తును అతని మీదికి తోయకండి. అతను వెళ్తున్న దారిలో ముందుగా గురి గుర్తును నిలబెట్టి, అతను దాని మీదికి వచ్చినప్పుడు ‘ఏ’ కీ నొక్కండి. వేళ్లు శాంతంగా ఉంటాయి, తగిలే దెబ్బలు పెరుగుతాయి.

దూరం నుంచి కాల్చడానికి జంకకండి. లేజర్ తగిలిందా లేదా అన్నది గురి గుర్తు నౌక మీద ఉందా అన్న దాన్నిబట్టి తేలుతుంది, దూరం పెరిగిందని దెబ్బ బలం తగ్గదు. శత్రువు ఇంకా చుక్కలాగే ఉండి నేరుగా మీ మీదికి వస్తున్నాడంటే అది మీకు దొరికే అత్యంత మంచి అవకాశం. కదలికే లేని గురి అది. ఆ కొద్ది క్షణాల్లో ఎంత కాలిస్తే అంత లాభం.

తర్వాత అతను పక్కకు తప్పుకుని దాటిపోతాడు. చాలామంది ఓడేది ఇక్కడే, కంగారులో నాలుగు కీలూ ఒకేసారి నొక్కేసి. ఒక్క క్షణం ఆగి స్కానర్ చూడండి. వెనక్కి వెళ్లిన పుల్ల పైకి ఉంటే ఎక్స్ పట్టుకోండి, కిందికి ఉంటే ఎస్. దొర్లకుండా నిలువుగా ఒక పల్టీ కొడితే అతను మళ్లీ మీ ముందుకు వస్తాడు, ఈసారి మీరు సిద్ధంగా ఉంటారు.

గుంపుగా వచ్చినప్పుడు ఎవరిని ముందు కొట్టాలి? నా పద్ధతి, ఎవడైతే నేరుగా నా వైపు ముక్కు పెట్టి వస్తున్నాడో వాడిని. శత్రువు లేజర్ కూడా మీలాగే ముందుకే పేలుతుంది, అతని ముక్కు మీ వైపు ఉన్నప్పుడే ప్రమాదం. పక్కకు తిరిగి వెళ్తున్నవాడు ఎంత దగ్గర్లో ఉన్నా ఆ క్షణానికి నిరపాయం. ఒకడిని మొదలుపెడితే వాడు పేలేదాకా వదలొద్దు. ముగ్గురికి తలా కాస్త తగిలించి అందరినీ బతకనిస్తే వాళ్ల లేజర్లన్నీ పేలుతూనే ఉంటాయి.

ఇదంతా బరువనిపిస్తే ముందు గ్రహశకలాల మీద సాధన చేయండి. దారిలో అప్పుడప్పుడు ఎదురవుతాయి, దొర్లుతూ తమ మానాన పోతుంటాయి, తిరిగి కాల్చవు. మామూలు వర్తకుల జోలికి, పోలీసుల జోలికి మాత్రం పోకండి. మీ పేరు పక్కన నేరస్తుడన్న ముద్ర పడితే వైపర్లు మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తాయి.

శక్తి, షీల్డ్, వేడి

డ్యాష్‌బోర్డ్ ఎడమవైపు పైన రెండు గీతలు ముందు షీల్డ్, వెనుక షీల్డ్, అంటే దెబ్బల్ని ఆపే కవచాలు. కుడివైపు నాలుగు గీతలు శక్తి నిల్వలు. షీల్డ్ ఖాళీ అయ్యాక పడే దెబ్బలు నేరుగా నిల్వల్లోంచి తింటాయి, నిల్వలు అయిపోతే నౌక లేదు.

ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. షీల్డ్‌లు మళ్లీ నిండేది శక్తి నిల్వ సగానికి పైన ఉన్నప్పుడే. నాలుగు గీతల్లో రెండిటి కిందికి జారిందంటే ఇక షీల్డ్ నిండదు, ముందు నిల్వ పైకి రావాలి. అందుకే నా నియమం: నిల్వ సగం దగ్గరికి వస్తే పోరాటం ఆపి దూరం జరగడం. పూర్తి వేగం పెట్టి, అందరినీ వెనుక వదిలి, నేరుగా వెళ్లండి. అప్పుడు దెబ్బలు వెనుక షీల్డ్ మీద పడతాయి, ముందుది కోలుకుంటుంది. నిల్వ పెరిగాక వేగం తగ్గించి, పల్టీ కొట్టి, మళ్లీ ఎదురుపడండి.

లేజర్‌ను ఆపకుండా పేలిస్తే వేడెక్కి కాసేపు మొరాయిస్తుంది. ఆ సమయానికి శత్రువు నేరుగా మీ ఎదుట ఉంటే చాలా బాధాకరం. గురి కుదిరినప్పుడే పేల్చండి, చీకట్లోకి కాదు.

మిసైళ్లు

టి నొక్కితే మిసైల్ గుర్తు పసుపు రంగుకు మారి లక్ష్యం కోసం చూస్తుంది. గురి గుర్తు మీదికి నౌక రాగానే ఎర్రగా మారుతుంది, అంటే పట్టుకుంది. ఎం నొక్కితే వెళ్తుంది. వద్దనుకుంటే యు. మీ దగ్గర ఉన్నవి మూడే కాబట్టి చిన్న సైడ్‌వైండర్ నౌకల మీద వృథా చేయకండి. గుంపు చుట్టుముట్టినప్పుడు ఒకదాన్ని పంపేసి, మిగతావాళ్లతో లేజర్‌తో తలపడటం మంచి వాడకం.

మీ మీదికి మిసైల్ వస్తే తెర మీద హెచ్చరిక పడుతుంది. ఒక్క మిసైల్ ఒక వైపు నిండు షీల్డ్‌ను దాదాపు తుడిచేస్తుంది. అందుకు విరుగుడు ఈసీఎం. దాని ఖరీదు 600 క్రెడిట్లు, ‘ఈ’ (E) కీ నొక్కితే చుట్టుపక్కల ఎగురుతున్న మిసైళ్లన్నీ పేలిపోతాయి, మీరు పంపినవి కూడా. శత్రువు దగ్గరా ఈసీఎం ఉండొచ్చు. అప్పుడు మీ 30 క్రెడిట్ల మిసైల్ గాలిలో కలిసిపోతుంది. ఈసీఎం కొనేలోపు మిసైల్ వస్తే దాని వైపే తిరిగి లేజర్‌తో కొట్టండి. కష్టమే, కానీ అది నేరుగా మీ మీదికే వస్తుంది కాబట్టి అసాధ్యం కాదు.

డబ్బు దేనికి ముందు

ఈ విషయంలో ఎవరి వాదన వాళ్లది, నాది ఇది. మొదట 400 పెట్టి పెద్ద సరుకు గది, దాంతో 20 టన్నులు 35 అవుతాయి, మిగతా డబ్బంతా త్వరగా వస్తుంది. రెండోది ఈసీఎం. మూడోది 1000 క్రెడిట్ల బీమ్ లేజర్. పల్స్ లేజర్ ఆగి ఆగి పేలుతుంది, బీమ్ ఏకధారగా పేలుతుంది. ఆ రోజు నుంచి మీ ఆట తీరే మారిపోతుంది. నాలుగోది 1500 పెట్టి అదనపు శక్తి యూనిట్. పైన చెప్పిన సగం నిల్వ నియమం గుర్తుంటే ఇది ఎందుకో మీకే తెలుస్తుంది, నిల్వ త్వరగా తిరిగి నిండుతుంది.

ప్రతి స్టేషన్‌లో అన్నీ దొరకవు. గ్రహం సాంకేతిక స్థాయి ఎంత ఎక్కువైతే అన్ని వస్తువులు దొరుకుతాయి. లేవ్‌లో దొరకనివి జావోన్స్‌లో దొరుకుతాయి. 900 క్రెడిట్ల ఎనర్జీ బాంబ్ చుట్టూ ఉన్న నౌకల్ని ఒక్క దెబ్బతో తుడిచేస్తుంది గానీ ఒక్కసారికే. నేర్చుకునేవాళ్లకు నేను అది చెప్పను. ఎస్కేప్ క్యాప్సూల్ 1000, సరుకు పోయినా ప్రాణం మిగులుతుంది. 6000 పెట్టాల్సిన మిలిటరీ లేజర్ కోసం తొందరొద్దు.

యంత్రం ఇదంతా ఎలా మోస్తుంది

పోరాటంలో నౌకలు ఎక్కువైనప్పుడు తెర నెమ్మదించినట్టు అనిపిస్తుంది. ఎమ్యులేటర్ తప్పు కాదది. ఒక్కో నౌక ప్రతి మూలనూ తిప్పి, ఏ ముఖాలు మీ వైపున్నాయో లెక్కకట్టి, వాటి గీతల్ని మాత్రమే గీయాలి. గుణకారం చేసే ఆదేశం కూడా లేని ప్రాసెసర్ మీద ఆ పని చేయించారు. గీసిన గీతను చెరిపేందుకు అదే గీతను మళ్లీ గీస్తారు. బిట్లు తిరగబడి గీత మాయమవుతుంది, తెర మొత్తం తుడవనక్కర్లేదు. తెరకు పోయిన మెమరీయే 8 కేబీకి దగ్గరగా ఉంటుంది. పైభాగం నలుపు తెలుపు, కింద డ్యాష్‌బోర్డ్ నాలుగు రంగులు. రెండూ వేర్వేరు తెర మోడ్‌లు, బొమ్మ కిందికి దిగుతుండగానే సరిగ్గా సమయం చూసి మోడ్ మారుస్తారు. ఇన్ని వేల గ్రహాల పేర్లూ వివరాలూ ఎక్కడా దాచలేదు. మూడు 16 బిట్ల సంఖ్యల్ని కలుపుతూ పోతే ఒకదాని తర్వాత ఒకటి పుడతాయి. దీన్నంతా తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆటగాడిగా మీకు పనికొచ్చేది ఇది: గుంపు దగ్గరికొచ్చి బొమ్మ నెమ్మదించినప్పుడు కీల స్పందన కూడా ఆ లెక్కనే మారుతుంది. ఎప్పటికన్నా చిన్న దెబ్బలు కొట్టండి.

ఈ బీబీసీ మైక్రోలు మన దేశానికీ వచ్చాయి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద దాదాపు 250 పాఠశాలల్లో వీటిని పెట్టి పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేసింది. ఆ తరంలో ఎవరైనా మీ ఇంట్లో ఉంటే ఈ కీబోర్డ్ అమరికను వాళ్లు ఇట్టే గుర్తుపట్టొచ్చు, పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి.

ఆ తర్వాత

ఎఫ్8 నొక్కితే మీ హోదా కనిపిస్తుంది. ఎనిమిది నౌకల్ని కూల్చితే ‘మోస్ట్‌లీ హార్మ్‌లెస్’, 128తో ‘కాంపిటెంట్’, 512తో ‘డేంజరస్’, 2560తో ‘డెడ్లీ’, 6400 చేరితే ‘ఎలీట్’. ప్రతి 256వ నౌకకు ఆట మిమ్మల్ని తెర మీద మెచ్చుకుంటుంది.

బీమ్ లేజర్, ఈసీఎం, అదనపు శక్తి యూనిట్ మూడూ చేరాక రీడ్‌క్వాట్ వెళ్లండి. దొంగలకు కొదవ ఉండదు, ఒక్కొక్కరి మీద బహుమానం కూడా ఉంటుంది. సరుకు ఏమీ వేసుకోకుండా వెళ్లడం మేలు, పోయేది తక్కువ. ఎప్పుడైనా గెంతు మధ్యలో తెగిపోయి, గ్రహమూ సూర్యుడూ లేని చోట తేలారంటే అక్కడ ఉండేది థార్గాయిడ్‌లు, అంటే గ్రహాంతర శత్రువుల నౌకలు. అవి తమ పిల్ల నౌకలు థార్గాన్‌లను వదులుతాయి. వాటిని వెంటాడుతూ కూర్చోకుండా తల్లి నౌకనే ముందు కూల్చండి, అది పోయిందంటే థార్గాన్‌లు దిక్కులేనివై ఊరకే తేలుతుంటాయి. అక్కడినుంచి బయటపడాలంటే ఇంకో గెంతుకు ఇంధనం కావాలి, అందుకే ట్యాంకు ఖాళీ అయ్యేంత దూరం ఎప్పుడూ ఒకే గెంతులో వెళ్లకండి.